మాడ్ వాగ్నరు పచ్చబొట్ల వృత్తి

అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున కాంగ్రెసు గ్రంథాలయమను గొప్ప పుస్తకభాండాగారము కలదు. అందు భద్రపఱుపబడిన ఛాయాపటములలో 1907 సంవత్సరమునాటిది యొకటి చూచువారిని కొంతసేపు నిలువబెట్టును. ముప్పదియేండ్ల స్త్రీ తిన్నగా మనవైపు చూచుచున్నది. తల చక్కగా దువ్వి ముడిచినది. మెడలో హారము ధరించినది. ముఖమున సిగ్గుగాని బెదరుగాని లేదు. మెడక్రింద వక్షస్థలమంతయు, రెండు చేతులును పచ్చబొట్లతో నిండియున్నవి. కోతులు, సీతాకోకచిలుకలు, సింహములు, గుఱ్ఱములు, పాములు, చెట్లు, స్త్రీమూర్తులు ఆమె మేనిపై దట్టముగా పొడువబడినవి. ఎడమచేతిమీద నొక పేరు కూడ పొడిపించుకొన్నది. మన యూళ్లలో స్త్రీలు చేతిపై దేవుని పేరో, పెనిమిటి పేరో, తోబుట్టువుల పేరో పొడిపించుకొనుట కద్దు. ఈమె చేతిపై నున్నది ఈమె పేరే.

ఆ పేరు మాడ్. పుట్టినింటి పేరు స్టీవెన్సు, మెట్టినింటి పేరు వాగ్నరు. 1877 సంవత్సరము ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రములోని లైయన్ కౌంటీలో జన్మించి, 1961 సంవత్సరము జనవరి 30వ తేదీన ఓక్లహోమా రాష్ట్రములోని లాటన్ పట్టణమున గతించినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పచ్చబొట్లు పొడుచుట వృత్తిగా గైకొని, పేరు తెలిసియున్న స్త్రీలలో ఈమెయే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. పచ్చబొట్టువంటి యల్పవిషయమునకు చరిత్ర యేమి, దానిని గృహిణులు చదువనేల యని కొందఱు నవ్వవచ్చును. స్త్రీ మేనికి యజమాని యెవరను ప్రశ్న శాసనసభలలో చర్చకు వచ్చుటకు ముందే సర్కసు డేరాలలోనికి వచ్చినది. అందువలన ఈ చరిత్రము మాకు నవ్వులాటగా తోపలేదు.

మాడ్ సూది పట్టుటకు ఇరువదియేండ్లకు పూర్వమే అమెరికాలో పచ్చబొట్ల స్త్రీలు వేదిక యెక్కిరి. 1882 సంవత్సరమున న్యూయార్కు నగరములోని యొక వింతల ప్రదర్శనశాలలో నోరా హిల్డెబ్రాంటు అనునామెను నిలిపి, టిక్కెట్లు పెట్టి చూపిరి. ఆమె మేనిపై 365 పచ్చబొట్లు కలవని ప్రకటించిరి. సంవత్సరమునకు దినములెన్నో బొట్లును అన్నియే యనుట జనుల చెవికి ఇంపుగా నుండెను. వానికి తోడుగా నొక కథయు చెప్పిరి. తానును తండ్రియు ఆదిమజాతులవారికి చెఱపడితిమనియు, వారు తండ్రికి ప్రాణభయము చూపి కూతురిని దినదినము పొడిపించిరనియు ఆ కథ సారాంశము. ఇది పచ్చి కల్పన. ఆమెను పొడిచినవాడు న్యూయార్కు నగరములోనే దుకాణము పెట్టుకొని నావికులకు పచ్చబొట్లు పొడిచి జీవించిన మార్టిను హిల్డెబ్రాంటు. అదే సంవత్సరమున వేదిక యెక్కిన ఐరీను వుడ్‌వర్డు అను మఱియొక స్త్రీ, టెక్సాసు అడవిసీమలలో తన తండ్రియే తన్ను పొడిచెనని చెప్పుకొనవలసివచ్చెను.

ఈ కల్పనలకు బీజమైన నిజకథ యొకటి కలదు. 1851 సంవత్సరమున ఆలివు ఓట్మను అను బాలిక పడమటి యెడారులలో కుటుంబమును పోగొట్టుకొని చెఱపడి, తరువాత మొహావీ జాతివారి నడుమ పెరిగినది. 1856లో తిరిగి వచ్చునప్పటికి ఆమె గడ్డముపై నీలిగీతలుండెను. మొహావీ స్త్రీలు గడ్డమున అట్టి గీతలు పొడిపించుకొనుట వారిలో సామాన్యాచారము. కాని 1857లో ఆమె కథ పుస్తకముగా వెలువడి దేశమంతట చదువబడగా, ఆ గీతలు బలాత్కారపు ముద్రలని జనులు నమ్మిరి. సర్కసు యజమానులు ఆ నమ్మికను పట్టుకొనిరి.

ఎందులకు ఈ యబద్ధము? నావికుడు ముంజేతిపై లంగరు పొడిపించుకొన్నచో అది మగతనము. స్త్రీ తానై కోరి పొడిపించుకొన్నదన్నచో అది చెడునడత. బలవంతముగా పొడిచిరన్నచో మాత్రము ఆమె జాలికి తగినది. కావున చూడవచ్చిన పెద్దమనుష్యులు కన్నులార చూచి, పాపమని నిట్టూర్చి, మర్యాదకు భంగములేకుండ ఇంటికి పోవచ్చును. ఆ కథ ఒక్కమాటతో ఇరువురిని అవమానించినది: స్త్రీకి తన యిచ్ఛ లేదనినది, ఆదిమజాతులకు మానవత్వము లేదనినది. పరుల బలాత్కారము చెప్పుకొన్నగాని స్త్రీకి క్షమాపణ దొరకని లోకరీతి మన పాఠకులకును క్రొత్తది కాదు.

మాడ్ స్టీవెన్సు తొలుత పచ్చబొట్ల స్త్రీగా వేదిక యెక్కలేదు. ఆమె సర్కసులో కష్టపడి విద్య నేర్చినది. ఊయలకఱ్ఱ విడిచి గాలిలో దుముకుట, మేనును విల్లువలె వంచి మెలివేసి చూపుట ఆమె పనులు. పగలు రైలుప్రయాణము, రాత్రి డేరాలో ఆట. ఎముక విఱిగిన దినమున జీతమును విఱిగిపోవు వృత్తి యది. అట్టి జీవనమున స్త్రీ రెండవ విద్య యొకటి చేతనుంచుకొనుట వివేకము. ఊయల నడివయసు దాటిన పిదప మోయదు. సూది ముసలితనమునను మోయును.

ఆ రెండవ విద్య ఆమెకు 1904 సంవత్సరమున సెయింట్ లూయీ నగరమున దొరకినది. ఫ్రాన్సునుండి లూసియానా భూములను 1803లో కొన్నందులకు నూఱేండ్ల పండుగగా అమెరికనులు అచట ప్రపంచప్రదర్శనము జరిపిరి. ఏప్రిలు 30వ తేదీనుండి డిసెంబరు 1వ తేదీవరకు జరిగిన ఆ ప్రదర్శనమును 1 కోటి 90 లక్షలకు మించిన జనులు చూచిరి. అందు యంత్రములు, చిత్రములు, విద్యుద్దీపములు మాత్రమే కాక మనుష్యులును ప్రదర్శింపబడిరి. 1898లో స్పెయినునుండి ఫిలిప్పీను ద్వీపములు అమెరికా వశమైనవి. ఆ ద్వీపవాసులను వేయిమందికి పైగా తెచ్చి, 47 యెకరముల స్థలమున గ్రామములు కట్టించి, వారి జీవనమును వింతగా చూపిరి. లూజాను కొండలనుండి వచ్చిన ఇగరోటు జాతులవారిలో మేనిపై పచ్చబొట్లు కలవారుండిరి. నాగరకత లేని జాతుల గుఱుతులివి యని జనులు వ్రేలుపెట్టి చూపిరి. ఆ ప్రదర్శనమునందే ఒక తెల్లజాతి స్త్రీ అదే విద్య నేర్చుటకు పూనుకొన్నది.

గురువు గస్ వాగ్నరు. 1872లో జన్మించిన ఈతడు వాణిజ్యనౌకలలో నావికుడై లోకము చుట్టి, జావా బోర్నియో ద్వీపములలో స్థానికులయొద్ద చేతిసూది పని నేర్చితినని చెప్పుకొనెడివాడు. మేనంతయు వందలకొలది పచ్చబొట్లు. గస్ ఒక సాయంకాలము తనతో షికారు రమ్మని అడుగగా, ఆ విద్య నేర్పినచో వత్తునని మాడ్ బదులు చెప్పెనట. ఈ సంభాషణము వాగ్నరు కుటుంబచరిత్ర వ్రాసిన వారందఱును చెప్పుదురు. వరునికి కట్నమో, కన్యకు శుల్కమో లెక్కించుచు మన పెద్దలు కూర్చున్న కాలమది. ఈమె అడిగిన శుల్కము విద్య. ఆ సంవత్సరమే అక్టోబరు 3వ తేదీన వారికి వివాహమైనది. అప్పటికి ప్రదర్శనము ఇంకను మూయలేదు.

ఆమె నేర్చిన పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. కొయ్యపిడికి సూదులు బిగించి, రంగులో ముంచి, చర్మమును ఎడమచేతితో బిగబట్టి, కుడిచేతితో ఒక్కొక్క పోటు పొడువవలెను. మన చర్మపు పైపొర నిత్యము రాలిపోవుచుండును. అందు నిలిచిన రంగు కొన్ని వారములలో పోవును. దాని క్రింది పొర రాలదు. సూది మొన ఆ రెండవపొరకు చేరవలెను, అంతకు మించి దిగరాదు. తక్కువైనచో బొమ్మ చెరగిపోవును, ఎక్కువైనచో రంగు అలికినట్లు వ్యాపించి పుండు పడును. ఈ లోతును కొలుచు సాధనము వ్రేళ్ల స్పర్శ తప్ప వేఱొకటి లేదు. నల్లని మసి చర్మముక్రింద చేరినపిదప నీలముగను పచ్చగను కనబడుట వెలుతురు చర్మముగుండ పోయి వచ్చుటవలన కలుగు మాయ. మనవారు దానిని పచ్చబొట్టని పిలుచుట కంటికి కనబడిన నిజమే.

అప్పటికి యంత్రము లేకపోలేదు. ఎడిసను 1876లో పేటెంటు పొందిన విద్యుల్లేఖినియొక్క మార్గమునే పట్టి, న్యూయార్కు పచ్చబొట్లవాడు శామ్యూలు ఓరైలీ 1891లో విద్యుత్తుతో పనిచేయు సూదియంత్రమునకు పేటెంటు పొందినాడు. నిమిషమునకు మిక్కిలి పోట్లు పొడువగల ఆ యంత్రము రాగానే రేవుపట్టణములలో అందఱును దానినే పట్టిరి. వాగ్నరు దంపతులు మాత్రము చేతిసూదిని విడువలేదు. ఇది కేవలము పూర్వాచారప్రీతి యని మేము తలంపము. విద్యుత్తు లేని యూళ్లకు పోవువారికి గోడనుండి తీగ కావలసిన యంత్రముకంటె సంచిలో ఇముడు సూదియే మేలు.

ఆ యూళ్లకే వారు పోయిరి. అదివరకు అమెరికాలో పచ్చబొట్టు సముద్రతీరపు రేవులలో నావికుల నడుమ మసలుచుండెను. మాడ్, గస్ సర్కసులతోడను, నాటకశాలలతోడను, జిల్లా సంతలతోడను తిరుగుచు దేశపు నడిబొడ్డునకు దానిని కొనిపోయినవారిలో ముఖ్యులైరి. ఒకే డేరాలో ఆమె చూపుడు బొమ్మయు, పనివాండ్రయు అయ్యెను. చూడవచ్చినవారు టిక్కెట్టు కొని ఆమె మేనిపైనున్న చిత్రములు చూచిరి. వారిలో ధైర్యము గలవారు చేయి చాచి, ఆమెచేతనే పొడిపించుకొనిరి. నోరా హిల్డెబ్రాంటు కాలముననుండి పురుషులు స్త్రీలను పొడుచుటయే చూచిన జనులు, ఇపుడు స్త్రీ సూది పట్టగా పురుషులు పండ్లు బిగించి కూర్చుండుట చూచిరి. ఆదిమజాతులు చెఱపట్టిరను కథ ఈమెకు పనికిరాదయ్యెను. తానే కోరి నేర్చిన పనిని ఎదుటనే చేసి చూపు స్త్రీని చూచి పాపమనువా రెవరు?

మొదటి స్త్రీ యనుమాటను మాత్రము మనము కొంచెము ఆగి పరీక్షింపవలెను. ఆ బిరుదు అమెరికా సంతలవఱకే చెల్లును. మన తెలుగునాట ఈ విద్య అధికముగా స్త్రీలదే. పల్లె పల్లె తిరిగి సోదె చెప్పుచు, బుట్టలు అమ్ముచు వచ్చిన ఎఱుకల స్త్రీలు వీథి అరుగులపై కూర్చుండి పచ్చలు పొడిచిరి. దీపపు మసి, ఆకుపసరు, సూదులు వారి సరంజామా. చాటెడు గింజలో, పాతచీరయో వారి కూలి. వారి చేతిపని లక్షల కుటుంబములలో అవ్వల ముంజేతులపై కట్టెలలో కాలువఱకు నిలిచినది. మాడ్ వాగ్నరు ఛాయాపటము కాంగ్రెసు గ్రంథాలయమున నుండగా, ఈ స్త్రీలలో ఒక్కతె పేరును ఏ గ్రంథాలయపు పట్టికలోనికిని ఎక్కలేదు. వారు ఎక్కిన పట్టిక వేఱు. 1911 సంవత్సరపు నేరస్థజాతుల చట్టముక్రింద మద్రాసు ప్రభుత్వము ఎఱుకలవారిని నేరస్థజాతిగా లెక్కించినది. 1913లో బాపట్ల చెంత స్టూవర్టుపురమున వారికొక సెటిల్‌మెంటు ఏర్పఱచి, సాల్వేషను ఆర్మీవారి యధీనమున నుంచిరి. ఊరు దాటవలెనన్న చీటీ కావలెను. మాడ్ తన సూదిసంచితో కాన్సాసునుండి కాలిఫోర్నియావఱకు ఎవరి యనుమతియు లేకుండ తిరుగుచున్న సంవత్సరములే యవి. ఊరూర తిరుగుట ఒకచోట కళ, ఇంకొకచోట నేరము. ఆ చట్టము 1952లో దేశమంతట తొలగినది. తిరుగుడుతో బ్రతికిన ఆ విద్య అప్పటికే చాలవఱకు కుంటుపడెను.

సెయింట్ లూయీలో వింతగా చూపబడిన లూజాను కొండజాతుల విద్యకు మాత్రము అంత దుర్గతి పట్టలేదు. ఆ కొండలలోని కలింగసీమలో బుస్కలాను గ్రామమున 1917లో పుట్టిన వాంగ్-ఓడ్ అను స్త్రీ బాల్యము దాటుచుండగనే తండ్రియొద్ద పచ్చబొట్ల పని నేర్చి, నిమ్మజాతి చెట్టు ముల్లును కఱ్ఱకు గుచ్చి, మసినీటిలో ముంచి, మఱియొక కఱ్ఱతో తట్టుచు తొంబదియేండ్లు దాటినపిదపను పొడుచుచునేయుండెను. తన తమ్ముని యింటి మనుమరాండ్రకు ఆ విద్య నేర్పినది. 2023 ఏప్రిలులో, నూటయాఱేండ్ల ప్రాయమున, ఆమె ముఖము ఫిలిప్పీను వోగ్ పత్రిక ముఖపత్రమున అచ్చయినది. 1904లో టిక్కెట్టు పెట్టి నవ్విన లోకము ఆమె చేతిగుఱుతు కొఱకు కొండ యెక్కినది.

మరల మాడ్ యింటికి వత్తము. ఆమె జీవితమున మా మనసునకు మిక్కిలి హత్తిన విషయము ఆమె పొడిచినది కాదు, పొడువనీయనిది. 1910లో ఆ దంపతులకు లొటీవా అను కుమార్తె కలిగినది. తలిదండ్రుల పక్కన కూర్చుండి చూచి చూచి, తొమ్మిదవయేటనే ఆ బాలిక సూది పట్టినది. తండ్రి చేతినిండ విద్య, కన్నకూతురి చర్మము తెల్లకాగితము. చిత్రకారునికి ఇంతకంటె ఆశ యేమి కావలెను? తల్లి మాత్రము ఒప్పుకొనలేదు. నీవు లోకమంతటిని పొడువుము, దీనిని పొడువవద్దని భర్తను కట్టడిచేసినది. లొటీవా ఆ విద్యలో ఆఱితేరినది గాని ఆమె మేనిపై ఒక్క చుక్కయు పడలేదు. 1941లో గస్ వాగ్నరు మరణించినపిదప, నాయన పొడువనిదానిని ఇంకెవ్వరును పొడువనక్కఱలేదని లొటీవా నిశ్చయించుకొన్నది.

మేనంతయు పొడిపించుకొన్న తల్లి కూతురికి ఒక్క బొట్టును వలదనుట వైరుధ్యమని కొందఱందురు. మాకు అట్లు తోపదు. మాడ్ తన పచ్చబొట్లను ఇరువది యేడేండ్లు నిండిన పిదప, సంపాదనాపరురాలై, తాను కోరి వేయించుకొన్నది. వాని వెల ఆమెకు తెలియును: డేరాలో చప్పట్లు కొట్టినవారే వీథిలో ఎదురైనచో మొగము త్రిప్పుకొందురు. తొమ్మిదేండ్ల పిల్ల ఆ వెల యెఱుగదు. మన యిండ్లలో ఈ విచక్షణ యుండెనా? అయిదాఱేండ్ల పిల్లను ఇద్దఱు పట్టుకొనగా ఒకతె పొడిచినది. పిల్ల యేడ్చుచుండ, నగలు చితివఱకే, పచ్చబొట్టు పరలోకమువఱకు వచ్చునని అవ్వలు బుజ్జగించిరి. ప్రేమతో చేసినదే, మేము కాదనము. ఆ ప్రేమయే బాల్యవివాహమును చేసినది, చెవులును ముక్కును కుట్టించినది. అడుగుట మాత్రము ఎఱుగదు. అడుగవలెనని తోచిన తల్లి సర్కసు డేరాలో దొరకుటయే మాకు విస్మయము.

మాడ్ తెఱచిన బాటను తరువాతివారు నడచిరి. ఇంగ్లండులో జెస్సీ నైటు 1921లో పని యారంభించి, 1955లో దేశపు పచ్చబొట్ల పోటీలో రెండవ బహుమానమందినది. న్యూయార్కు బవరీ వీథిలో, తాగుబోతులకును నావికులకును ఆటపట్టైన చోట, మిల్డ్రెడు హల్ తన పేర దుకాణము తెఱచినది. బెట్టీ బ్రాడ్‌బెంటు 350కి మించిన బొమ్మలతో సర్కసులలో తిరిగి, 1939లో న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున అందగత్తెల పోటీలో నిలిచినది. గెలువదని ఆమెకును తెలియును, నిలుచుటయే పట్టుదల. ఈమెను పొడిచినవాడు చార్లీ వాగ్నరు. పేరు కలిసినది గాని మన వాగ్నరులకు చుట్టము కాడు. ఈ యిద్దఱిని కలిపి వ్రాయుట పలుచోట్ల కనబడును.

ఈ వృత్తిలోని దోషమును మఱుగుపఱచుట ధర్మము కాదు. ఒకరి నెత్తురంటిన సూదినే మఱియొకరికి వాడుటవలన కామెరలు కలిగించు కాలేయరోగము మొదలగునవి వ్యాపించును. ఈ కారణమునే చూపి న్యూయార్కు నగరము 1961లో పచ్చబొట్ల పనిని నిషేధించినది. ఆ నిషేధము 1997వఱకు నిలిచినది. మాడ్ గతించినదియు 1961లోనే. ఆమె తుదిదినములు గడపిన ఓక్లహోమా రాష్ట్రము 1963లో అట్లే నిషేధించి, దేశములోని రాష్ట్రములన్నిటికంటె చివర, 2006లో తొలగించినది. సూదిని కాచి శుద్ధిచేయుట నేర్పవలసినచోట వృత్తినే మాన్పించుట ప్రభుత్వములకు సులభముగా తోచును. మంత్రసానుల విషయమునను మన దేశమున పలుచోట్ల ఇట్లే జరిగినది.

లొటీవా ఆ నిషేధపు దినములను కూడ దాటి బ్రతికినది. 1993లో ఆమె మరణించినది. అంతకు కొంచెము ముందు, అమెరికా పచ్చబొట్ల కళాకారులలో ప్రసిద్ధుడైన డాన్ ఎడ్ హార్డీ ఆమెయొద్దకు వచ్చి చేయి చాచెను. తల్లిదండ్రులు నేర్పిన చేతిసూదితోనే లొటీవా అతని మేనిపై నొక గులాబిపువ్వు పొడిచినది. ఆమె పొడిచిన కడపటి పచ్చబొట్టు అదియే.